పంచాంగంలో లేని గ్రహణం

కడుపుతో ఉన్నవాళ్ళకి పుల్లమామిడి మీద మనసవుతుందంటారు. మా ఎదురింటి మరిడమ్మకి పొయ్యిమట్టి మీద మనసయిందట. నాకు ప్లానిటోరియం మీద మనసయింది. నవ్వేవాళ్ళు నవ్వండి, నాకేం సిగ్గు లేదు. ఎనిమిదేళ్ళుగా బళ్ళో పిల్లలకి బంతి చూపించి భూమి అనీ, నిమ్మకాయ చూపించి చంద్రుడు అనీ, టార్చిలైటు వేసి సూర్యుడు అనీ చెప్పి చెప్పి విసిగిపోయాను. ఆ మధ్య ఒక పిల్ల లేచి, "టీచర్, మీరు ప్లానిటోరియం చూశారా?" అని అడిగింది. లేదన్నాను. ఒళ్ళు మండిపోయింది, పిల్ల మీద కాదు, నా మీద.

ఇది రెండు వేల పదహారు దసరా సెలవుల ముందు సంగతి. మాది ఆమదాలవలసకి దగ్గర్లో పల్లెటూరు. మావ జగన్నాధం, అత్త నారాయణమ్మ, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు ధనరాజ్, అంటే మా ఆయన. వరీ పెసలూ పండించుకునే ఇల్లు. పెళ్ళయిన ఏడేళ్ళకి నాకు ఐదో నెల. భువనేశ్వర్‌లో ప్లానిటోరియం ఉందనీ, రాకెట్ల నమూనాలూ ఉపగ్రహాల బొమ్మలూ పెట్టిన గదులు కూడా ఉన్నాయనీ మా హెడ్మాస్టరు చెప్పినప్పటి నుంచి నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా చెప్పేశాను.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని మావ ఎగతాళి చేశాడు. "ఆలూ ఉంది, చూలూ ఉంది మావా, ఇంక టిక్కెట్టే లేదు" అన్నాను.

నా పక్షాన నిలబడింది మా అత్తే. ఆవిడ నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. తిడుతూనే ఇంకో ముద్ద వడ్డిస్తుంది. "కడుపుతో ఉన్నదాని కోరిక తీర్సకపోతే పుట్టినోడికి సెవి కారతాది. ఎల్దాం" అంది. అక్కడి ఆట ఒడియాలో ఉంటుందని తెలిశాక ఆవిడ మరీ రెచ్చిపోయింది. ఆవిడ పుట్టిల్లు ఇచ్ఛాపురం అవతల, ఒడియా నీళ్ళలా వచ్చు. "మీకెవులికీ ఒక్క ముక్క అర్థం కాదు. నానే సెప్పాల" అని వీధంతా చాటింది. వెళ్ళినవాళ్ళం వెళ్ళినట్టే పూరీ స్వామిని కూడా చూసి రావాలంది. స్వామి పేరు పలకదు, మొగుడి పేరు కదా మరి.

ఇంట్లో పెళ్ళి సందడి మొదలయింది. జంతికలు వండింది. సున్నుండలు చుట్టింది. పని చేస్తూనే నా ప్రాణం తీసేది. "బయట ఆకాశం ఉండగా లోపల ఇంకోటి ఎందుకే రాజీ?"

"మబ్బు పట్టకుండా అత్తా."

"పట్టపగలే సుక్కలు అగుపిస్తాయా?"

"వేలకి వేలు."

"ఓలమ్మో!" అని బుగ్గలు నొక్కుకునేది. అరవై దాటిన మనిషి, చిన్నపిల్లలా మళ్ళీ మళ్ళీ అడిగేది. నేనూ మళ్ళీ మళ్ళీ చెప్పేదాన్ని. ఆ వారం రోజులూ మేమిద్దరం ఒక ఈడువాళ్ళం అయిపోయాం.

ఊరుకోవచ్చు కదా నేను? నా నోరు ఊరుకోదు. ఒక సాయంత్రం అత్త నువ్వులు చెరుగుతుంటే ఎదురుగా కూర్చుని మళ్ళీ ఏకరువు పెట్టాను. "ముందు పొద్దుగూకుతాది అత్తా. ఒక్కో సుక్కా వస్తాది. శనిగ్రహం సుట్టూ వలయాలు సూపిస్తారు. ఆకర్న సూర్యగ్రహణం..."

చేట ఆగిపోయింది. "ఏటీ?"

"గ్రహణం అత్తా. నిజంది కాదు, బొమ్మ."

"ఎల్లొద్దు" అంది. చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఎందుకో నాకు తెలుసు. మా ఆయన పైపెదవి మీద కుట్ల గీత ఉంటుంది. మీసం దాన్ని చాలావరకు దాచేస్తుంది. ఎనభైలో, మాఘమాసం అమావాస్యకి పట్టపగలే చీకటి కమ్మిన సూర్యగ్రహణం ఒకటి వచ్చింది. అప్పటికి అత్తకి మూడో నెల. దూడ పలుపు తెంపుకుందని బయటికి వెళ్ళిందట. బిడ్డ గ్రహణం మొర్రితో పుట్టాడు. పాలు చప్పరించలేని బిడ్డకి ఉగ్గుగిన్నెతో బొట్టు బొట్టూ పోసి బతికించింది. విశాఖపట్నం పెద్దాసుపత్రి చుట్టూ తిరిగి కుట్లు వేయించింది. అయినా ఆవిడ అత్తగారు మాత్రం కన్ను మూసేదాకా ఒకటే మాట అందట, "గ్రహణం సూసిన కళ్ళు" అని. ఇప్పటికీ గ్రహణం రోజున మా వీధిలో ఎవరు కడుపుతో ఉంటే వాళ్ళ గుమ్మంలో మా అత్త పీట వేసుకుని కాపలా కూర్చుంటుంది. కత్తిపీటలన్నీ అటకెక్కించేస్తుంది.

గ్రహణానికీ పెదవికీ సంబంధం లేదని నేను చెప్పడం అది మొదటిసారి కాదు. ఆ రోజు కూడా చెప్పాను. "నీకు పుస్తకం తెలుసు. నాకు పిల్లడు తెలుసు" అంది.

నేను తక్కువ తిన్నానా? వెళ్ళి మంచమెక్కాను. "రేపు నా బిడ్డకి సెవి కారితే నన్ననకండి" అని గోడవైపు తిరిగి పడుకున్నాను. పాపం, ఆవిడ బాగా ఇరుక్కుంది. వెళ్తే గ్రహణం, వెళ్ళకపోతే చెవి. అన్నం పెట్టి "తినవే" అంటుంది, రైలు మాట ఎత్తితే పెరట్లోకి పోతుంది. "సినిమాలో వాన పడితే నువ్వు తడిసిపోతావేటే?" అని మావ అంటే, "మీకేటి, నవ్వుతారు. మోసినోళ్ళకి తెలుస్తాది" అంది. మావ చల్లగా కండువా వేసుకుని వెళ్ళి పంతులుగారిని వెంటబెట్టుకొచ్చాడు.

పంతులుగారు ఆవిడ మొహం చూశారు, నా మొహం చూశారు. పాము చావకుండా కర్ర విరగకుండా గొంతు సవరించుకున్నారు. "అమ్మా, గ్రహణమంటే పట్టు ఉండాలి, విడుపు ఉండాలి. రోజూ ఆటకొకటి పట్టే గ్రహణం నా పంచాంగంలో లేదు. పంచాంగంలో లేనిదానికి దోషమూ లేదు" అన్నారు. నేను లోపల ఎగిరి గంతేశాను. అత్త ఆయనకి తాంబూలం ఇచ్చి దణ్ణం పెట్టింది గానీ మొహం మాత్రం విప్పారలేదు.

అప్పుడు మా ఆయన నోరు విప్పాడు. తను తక్కువ మాట్లాడతాడు. మాట ముక్కులోంచి వస్తుందని చిన్నప్పుడు బళ్ళో పిల్లలు ఏడిపించారట, ఆ అలవాటు అలాగే ఉండిపోయింది. వచ్చి వాళ్ళమ్మ పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"అమ్మా, రాజీ ఎల్లకపోయినా నానెల్తాను. నన్ను పట్టిన గ్రహణం ఎలాగుంటాదో నానొక్కపాలీ సూళ్లేదు. నువ్వయినా సూసినావు."

అత్త కొడుకు వైపు చూసింది. "నాను సూళ్లేదురా" అంది.

మళ్ళీ ఆవిడే అందుకుంది.

"దూడ కోసం ఎల్లినాను, నిజమే. కళ్ళు మూసుకునే ఎల్లినాను. గోడ తడుముకుంటా ఎల్లి కట్టేసి, తడుముకుంటానే వచ్చినాను. నీ మీద ఒట్టురా గుంటడా, ఒక్క రెప్ప ఎత్తలేదు. సెప్తే ఎవులు నమ్మినారు? మీ అయ్య నమ్మినాడా?"

అన్నిటికీ ఒక ఎగతాళి చేతిలో ఉంచుకునే మా మావ తలెత్తలేదు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఈవిడ మూఢనమ్మకం అని తేలిగ్గా అనేసుకున్నాను. వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఎల్దాం అత్తా. నా కోరిక సంగతి ఒగ్గీ. నువ్వు సూడాల. ఏటి సూసినావని ఇన్నాళ్ళూ అన్నారో, అది సూడాల."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "సున్నుండలు సరిపోవు. ఇంకొన్ని సుట్టాల. రైలు ఎన్ని గంటలకే?" అంది. నేను పెట్టిన కేకకి మరిడమ్మ వీధిలోకి పరిగెత్తుకొచ్చింది.

వెళ్ళాం. రైలు పలాస దాటేసరికి జంతికల డబ్బా సగమయింది. భువనేశ్వర్‌లో ఆట మొదలై దీపాలు ఆరాయి. నెత్తి మీద చుక్కలే చుక్కలు. ఇటుపక్క అత్త "ఓలమ్మో, ఓలమ్మో" అంటూనే ఉంది. శనిగ్రహం వలయాలతో తిరుగుతూ వచ్చినప్పుడు నా భుజం మీద ఒక్కటి చరిచింది. మా అందరికీ ఒడియా తెలుగు చేస్తానన్న మనిషి ఒక్క ముక్కా చేయలేదు.

తర్వాత సూర్యుడి అంచు మీదికి నల్లగా ఏదో జరుగుతూ వచ్చింది. అత్త నా కళ్ళు మూస్తుందనే అనుకున్నాను. మూయలేదు. తన కొంగు లాగి నా కడుపు మీద కప్పింది, పంచాంగంలో లేకపోయినా జాగ్రత్త జాగ్రత్తే కదా. రెండో చెయ్యి కొడుకు చేతిలో ఉంది. తల మాత్రం పైకే ఎత్తి ఉంచింది. సూర్యుడు మొత్తం నల్లబడేదాకా, మళ్ళీ తెల్లబడేదాకా అలాగే చూసింది.

దీపాలు వెలిగాయి. జనం లేస్తున్నారు. అత్త లేవలేదు.

"ఛాయి, ఛాయి అన్నాడు ఆ సెప్పినోడు" అంది నాతో. "మనం నీడ అంటాం కదా, అదే. సెందురుడి నీడట."

"అవునత్తా."

"ఒట్టి నీడేనా?"

"ఒట్టి నీడే."

ఒక్కసారిగా అవతల సీట్లో ఉన్న మావ వైపు తిరిగింది. గొంతు హాలంతా మోగింది. "ఇన్నావా? నీడట! నీడకి పెదవి సీలతాదేటి? ఆ నీడనైనా నాను సూళ్లేదు!"

"తప్పయిపోనాదే" అన్నాడు మావ. చేతులు జోడించినట్టే అన్నాడు.

అత్త ఆయన్ని వదిలేసి ఇటు తిరిగింది. కొడుకు గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పి చూసుకుంది. మీసం పక్కకి తోసి ఆ గీత మీద వేలు రాసింది. తర్వాత కొంగు సర్దుకుని కూర్చున్న చోటే ఇంకాస్త గట్టిగా కూర్చుంది.

"ఒరే, ఇంకో ఆట ఎప్పుడో అడిగిరా" అంది. "ఇంకోపాలి సూస్తాను."