వెండి సొమ్ములు ఏ పద్దులో రాయాలి

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో ఆర్థిక సంవత్సరం మొదటి రోజున, నాందేడ్‌లో ఒక ప్రజా ట్రస్టు నడిపే మ్యూజియంలో ఫైనాన్స్ మేనేజర్‌గా చేరాను. అంతకు ముందు నా ఉద్యోగమంతా చక్కెర ఫ్యాక్టరీ అకౌంట్స్ విభాగంలోనే గడిచింది. మ్యూజియం లెక్కలంటే టికెట్ల రాబడి, కరెంటు బిల్లు, జీతాలు తప్ప ఇంకేముంటాయని చేరే ముందు అనుకున్నాను.

మాది పెద్ద మ్యూజియం కాదు. ఉమ్రి, నాయ్‌గావ్ చుట్టుపక్కల తెలుగు, మరాఠీ రైతు కుటుంబాలు తరతరాలుగా వాడిన వస్తువులు అందులో ఉండేవి. విత్తనాల గొర్రు, ఇసుర్రాయి, నేత చీరలు, వీటన్నిటికంటే ముఖ్యంగా వెండి సొమ్ములు. కాళ్ళ కడియాలు, వడ్డాణాలు, మెడకు పెట్టే బరువైన కంటెలు ఒక గదినిండా ఉండేవి. ట్రస్టు అధ్యక్షులు, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన కులకర్ణి సర్, ఒకప్పుడు ఊరూరా తిరిగి వాటిని అడిగి తెచ్చారు. ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు రాసుకున్నారు. ఏ షరతు మీద ఇచ్చారో రాసుకోలేదు. ఆ రోజుల్లో ఎవరికీ ఆ అవసరం తోచలేదు.

నాకు అప్పగించిన పని ఖాతాలను నిధులవారీగా విడదీయడం. పుణెలోని ఒక కంపెనీ తన సామాజిక బాధ్యత పద్దు నుంచి, సొమ్ముల గదిని కొత్త గ్యాలరీగా మార్చడానికి గ్రాంటు ఇచ్చింది. అద్దాల బీరువాలకని ఇచ్చిన డబ్బు బీరువాలకే ఖర్చు కావాలి. దాన్ని కేటాయింపు నిధి అంటాం. జీతాలు, కరెంటు వంటివి సాధారణ నిధిలోంచి పోతాయి. అప్పటిదాకా రెండూ ఒకే బ్యాంకు ఖాతాలో కలిసి ఉండేవి.

ఆ పనిలో ఆస్తి అప్పుల పట్టీని ముందు పెట్టుకుంటే ఒక పద్దు దగ్గర ఆగిపోయాను. ‘సరుకు నిల్వ’ అనే శీర్షిక కింద వెండి సొమ్ములను తూకం ప్రకారం, ఆ ఏటి ధరకు లెక్కగట్టి చూపించారు. ఇందులో దాచిన సంగతేమీ లేదు. కోశాధికారి గంగాధర్ సేఠ్‌కు సరాఫా బజారులో వెండి దుకాణం ఉంది. ఏటా మార్చిలో తన త్రాసు తెచ్చుకుని, పైసా తీసుకోకుండా తూచి, విలువ కట్టి ఇచ్చేవారు. ట్రస్టు బలంగా కనబడుతుందని ఆయన ఉద్దేశం. ఆడిటర్‌కూ అభ్యంతరం లేకపోయింది.

ఆ వానాకాలం సొమ్ముల గది కప్పు కారింది. ఆ చెమ్మకు పక్క గదిలోని చీరలకు బూజు పట్టింది. సొమ్ములను ఇనప బీరువాలోకి ఎత్తి గదికి తాళం వేశాం. గ్రాంటు డబ్బు కప్పుకు వాడకూడదు, సాధారణ నిధిలో అంత లేదు. అప్పుడు సేఠ్‌గారు నా టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

“మేడం, ఎండి ధర గింత పెరుగుడు మనం ఎన్నడన్న సూసినమా? సగం అమ్ముదాం. నేను కొన, నాకొద్దు. పది దుకాణాల కాడ రేటు అడుగుదాం. కప్పు అయితది, గ్యాలరీ గూడ అయితది. ఆస్తి అప్పుల పట్టీల మనదే అని రాసి ఉన్నది గద” అన్నారు.

ఆయన మాటలో స్వార్థం లేదు. సరుకు నిల్వ అని రాసుకున్నాక అమ్మకూడదని చెప్పడానికి నా దగ్గర ఆధారమూ లేదు.

“ఇచ్చినోళ్ళు ఏమని ఇచ్చిన్రు సేఠ్‌జీ?” అని అడిగాను.

“గా సంగతి ఎవలకెరుక? కాయిదం లేదు.”

“అయితె పోయి అడుగుత.”

ఆయన తల అడ్డంగా ఊపారు. “అడిగితె ఎనుకకు ఇయ్యమంటరు. ధర పెరిగిందని వాళ్ళకు ఎరుక లేదా? ఉన్న ఎండి పోతది, కప్పు గూడ కాదు. నా మాట ఇను మేడం.”

ఆ భయం నాకూ కలిగింది. అందరూ వెనక్కి అడిగితే ఖాళీ గది మిగులుతుంది, ఆ ఖాళీ గదికి కారణం నేనవుతాను. కులకర్ణి సర్ కూడా ఇది అకౌంట్స్ మనిషి చేయాల్సిన పనేనా అని మరాఠీలో సందేహంగా అడిగారు. వస్తువు ఎవరిదో తేలకుండా ఏ పద్దులో రాయాలో నేను నిర్ణయించలేనన్నాను. కాసేపు ఆలోచించి, దీపావళి ముందు జరిగే ట్రస్టీల సమావేశం దాకా గడువిచ్చారు.

సంగ్రహాల బాధ్యత చూసే వైశాలి, నేను బయలుదేరాం. నాయ్‌గావ్ దగ్గర ఒక ఊళ్ళో మేము కాలు పెట్టిన మొదటి ఇంట్లోనే సేఠ్‌గారి మాట నిజమైంది. తల్లి కడియాలు వెనక్కి కావాలని ఇద్దరు అన్నదమ్ములు అడిగారు. బోరు వేయించాలట. వైశాలి నా ముఖం చూసింది. ఇస్తామని మాటిచ్చాను. ఆ మాట ఇచ్చే అధికారం నాకు లేదు.

సేఠ్‌గారు విని, “సెప్పిన గద” అన్నారు, అంతే. కులకర్ణి సర్ ట్రస్టీలందరి సమ్మతి తీసుకున్నారు. అన్నదమ్ములు వచ్చిన రోజు సేఠ్‌గారే త్రాసు తెచ్చి, వాళ్ళ కళ్ళ ముందు కడియాలు తూచి అప్పగించారు. “తీస్కునేనాడు ఎంత తూకమో, ఇచ్చేనాడు గంతే ఉండాలె. సూస్కోన్రి” అని వాళ్ళతో అన్నారు. ఇవ్వడం ఇష్టం లేకపోయినా ఇచ్చే తీరులో ఆయన లోటు చేయలేదు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే.

తర్వాత జరిగింది మేమెవరమూ ఊహించలేదు. అడిగితే మ్యూజియంవాళ్ళు సొమ్ము వెనక్కిచ్చారన్న మాట నాయ్‌గావ్ అంగడిలో పాకింది. మేము వెళ్ళేసరికి జనం మా కోసం ఎదురుచూస్తున్నారు. వెనక్కి అడుగుతారనుకున్నవాళ్ళు, “మీ తాన్నే ఉండనియ్యిన్రి” అన్నారు. ఒక ఇంట్లోనైతే కొత్తగా ఒక వడ్డాణం తెచ్చి ముందు పెట్టారు. దాన పత్రం లేకుండా తీసుకోవడం ఇక కుదరదని చెప్పి, అది రాయించుకున్నాకే తీసుకున్నాం.

ఉమ్రి దగ్గరి ఊళ్ళో లస్మవ్వను కలిశాను. అత్తగారు మెడకు పెట్టుకున్న కంటెను మ్యూజియానికి ఇచ్చిన మనిషి. కొడుక్కి అది తెచ్చుకోవాలని ఉంది. ఆమె కొడుకును మాట్లాడనివ్వలేదు.

“అమ్ముకునేదుంటె నేనే అమ్ముకోకపోదునా బిడ్డా? మా అత్త కంటె పదిమంది సూడాలెనని ఇచ్చిన. సూపెడుతున్రా లేదా, గా సంగతి సెప్పు.”

కప్పు కారుతోందని, గది మూసి ఉందని చెప్పాను.

“మూసి పెట్టినంక ఏం సూపెడ్తరు?” అని కోప్పడింది. దీపావళి ముందు ట్రస్టీల సమావేశంలో తేలుతుందన్నాను. “మీటింగు ఎన్నడు? నేను గూడ వస్త.”

ఈలోగా పుణె కంపెనీకి మెయిల్ రాశాను. కారే కప్పు కింద అద్దాల బీరువాలు పెట్టడం డబ్బు వృథా చేయడమే కాబట్టి, గ్రాంటులో కొంత ముందుగా కప్పుకు వాడుకోనివ్వమని అడిగాను. దాత వ్రాతపూర్వకంగా ఒప్పుకుంటే కేటాయింపు నిధి ఉద్దేశాన్ని మార్చుకోవచ్చు. వాళ్ళు ఇంజనీరు అంచనా, ట్రస్టీల తీర్మానం అడిగారు. వాటితో పాటు ఇంకో ప్రశ్న వేశారు. గ్యాలరీలో పెట్టబోయే వస్తువుల మీద మ్యూజియానికి స్పష్టమైన హక్కు ఉందా అని. వేసవిలో అడిగి ఉంటే లేదని చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు దాన పత్రాలు ఉన్నాయి. ప్రదర్శన కోసమే ఇచ్చామని, అమ్మకూడదని, మ్యూజియం మూతపడితే కుటుంబానికి తిరిగి అప్పగించాలని ప్రతి పత్రంలోనూ ఉంది.

సమావేశం రోజు లస్మవ్వతో పాటు ఇంకొన్ని కుటుంబాలవాళ్ళు వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. నేను రెండు ఆస్తి అప్పుల పట్టీలు చూపించాను. ఒకదానిలో వెండి ఆస్తిగా ఉంది. రెండోదానిలో పట్టీలోంచి తీసేసి, మ్యూజియం సంరక్షణలో ఉన్న సంగ్రహమని వివరణల్లో మాత్రమే రాశాను. రెండో పట్టీలో ట్రస్టు పేదగా కనబడింది. ఒక ట్రస్టీ ఆ మాటే లేవనెత్తి, ఇంత బీద సంస్థకు దానం ఎవరిస్తారని అడిగారు. వస్తువుల మీద హక్కు ఉందా అని అడిగిన కంపెనీ మెయిల్ చదివి వినిపించి, దాతలు చూసేది దాన్నేనన్నాను.

సేఠ్‌గారు వెనక్కి తిరిగి లస్మవ్వను అడిగారు. “అవ్వా, ఎండి పెట్టెల పడి ఉంటె ఎవలకు లాభం?”

“సేఠూ, నీ దుకాణంల ఎండి అమ్మేతందుకు ఉంటది. గీ ఎండి సూసేతందుకు ఇచ్చినం. రెండు ఒక్కటెట్ల అయితయి?”

మరాఠీ ట్రస్టీల కోసం కులకర్ణి సర్ ఆ మాటను అనువదించారు. ఆయన ముగించకముందే సేఠ్‌గారు తన ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నానన్నారు. ఆపైన తనే ఒక తీర్మానం పెట్టారు. ఇకనుంచి ఏటా సొమ్ములను భద్రత కోసం తూచాలి, విలువ కట్టకూడదు. తూచే పని మాత్రం తనదే. అది ఏకగ్రీవంగా నెగ్గింది. దాని వెంటే కప్పు తీర్మానమూ నెగ్గింది.

కంపెనీ అనుమతి వచ్చింది. ఆడిటర్ కొంత తటపటాయించినా, పత్రాలన్నీ చూసి కొత్త పట్టీ మీద సంతకం చేశారు. ఎండలు ముదిరేలోపు కప్పు పూర్తయింది, బీరువాలు వచ్చాయి. గ్యాలరీ తెరిచిన రోజు రిబ్బను, ముఖ్య అతిథి ఏమీ పెట్టుకోలేదు. ఇచ్చిన కుటుంబాలే ముందుగా లోపలికి నడిచాయి. లస్మవ్వ తన అత్త కంటె ఉన్న బీరువా ముందు నిలబడి, దాన్ని మెడకు ఎట్లా తొడుగుతారో ఒక కాలేజీ అమ్మాయికి చేతులతో చూపిస్తుంటే చుట్టూ జనం గుమిగూడారు. జూన్‌లో మొదటి పెద్ద వాన పడినప్పుడు వైశాలి, నేను పరుగున ఆ గదికి వెళ్ళాం. గోడలు పొడిగా ఉన్నాయి. నా ఉద్యోగ జీవితంలో ఏ బ్యాలెన్సు సరిపోయినప్పుడూ అంత సంతోషపడలేదు. మరుసటి ఏడు అదే కంపెనీ చీరల గదికి కూడా గ్రాంటు ఇచ్చింది.

రిటైరైన తర్వాత కొన్ని చిన్న సంస్థలు ఖాతాలు సరిచేయమని పిలుస్తుంటాయి. వాటి పట్టీ తెరిచేముందు, ఇక్కడున్న వస్తువులు ఎవరు, ఏ మాట మీద ఇచ్చారని అడుగుతాను. చాలాచోట్ల తెలియదంటారు. అట్లయితే ముందు వెళ్ళి ఇచ్చినవాళ్ళను అడిగి రమ్మంటాను. అడిగితే కొన్ని వస్తువులు చేయి దాటిపోవచ్చు, ఆ సంగతీ చెబుతాను. మిగిలినవాటినే మ్యూజియం ధైర్యంగా తన సంగ్రహమని చెప్పుకోగలదు.