ఈక్వల్ బటన్ లేని కాలిక్యులేటర్

ముదినేపల్లి టీకొట్టు దగ్గర చేపల చెరువుల రైతులంతా నా కథలకే చెవులప్పగించేవారు, ఒక రిటైర్డ్ సర్వేయరుగారు వచ్చేదాకా. ఆయన జేబులో నలభై ఏళ్లనాటి సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉండేది. దానికి ఈక్వల్ బటన్ లేదు. ఒక అంకె కొట్టి ఎంటర్ నొక్కాలి, రెండోది కొట్టాలి, ఆ తర్వాతే కూడాలో హెచ్చవేయాలో చెప్పాలి. నొక్కిన ప్రతిసారీ ఆ టిక్కుమనే చప్పుడు వినడానికి ఆయన తల వంచేవారు. ఆయనతోపాటు జనమూ వంచేవారు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు కోడూరు వైపు ఏట్లో నేను పట్టిన పండుగప్ప చేప కథ ఎత్తుకున్నాను.

"పొడవు పద్దెనిమిది అడుగులండీ!"

"చుట్టుకొలతెంత మావయ్యా?" అన్నాడో రైతు. "సర్వేయరుగారూ, ఆ రెండు కొలతలతో చేప బరువు లెక్కకట్టండి. ఈయన సంగతి ఇవాళ తేలిపోవాలి."

"తొమ్మిది అడుగులు" అన్నాను నీళ్లు నములుతూ.

ఆయన పద్దెనిమిది కొట్టి ఎంటర్ నొక్కారు. తొమ్మిది కొట్టి, వర్గం చేసి, హెచ్చవేశారు. అందరూ మెడలు చాచారు. ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, మెషీన్ ఆపేశారు.

"ఇంత పెద్ద చేప లెక్క దీంట్లో పట్టడం లేదండీ."

జనమంతా నోళ్లు తెరిచి నావైపు తిరిగారు. ఒకటి పక్కన తొంభై తొమ్మిది సున్నాలున్నా పట్టేంత చోటు అందులో ఉందని వాళ్లకు తెలియదు, ఒకసారి ఆయన నోటే విన్న నాకు తెలుసు. కాపాడారన్న కృతజ్ఞత నాకు ఇప్పటికీ రాలేదు. నా సొంత విద్యలో, ఒక్క మాటతో, నన్ను మించిపోయారే అన్న కుళ్లు మాత్రం అలాగే ఉంది.