మా బాబాయి అటకకు మూడు కొటేషన్లు

ఫిల్మ్‌నగర్‌లో ఉండటానికి గది దొరకడం కంటే సినిమాలో వేషం దొరకడమే తేలికని మేమంతా నమ్మిన రోజులవి. (నాకు రెండూ దొరకలేదు గనుక అందులో నిజమెంతో ఇప్పటికీ చెప్పలేను.) తెనాలి దగ్గర మా ఊళ్ళో నాన్నగారి ఎరువుల కొట్టులో కూర్చోవలసినవాణ్ణి, డైరెక్టర్నై తీరుతానని బస్సెక్కి వచ్చి పిన్నీ బాబాయిల ఇంట్లో దిగాను. బాబాయి షూటింగులకు సామాన్లు అద్దెకిచ్చేవాడు. కోర్టు సీనుకు సాక్షి బోను, ఠాణా సీనుకు టోపీలు, ఆసుపత్రి సీనుకు ఇనప మంచం, ఇలా ఏది అడిగితే అది ఆయన దగ్గర ఉండేది. ఇంటి కింది భాగమంతా ఆ సామానే కాబట్టి నా పడక ఆ ఆసుపత్రి మంచం మీదే. నెలకు పది రోజులు అది షూటింగుకు వెళ్ళిపోయేది. అప్పుడు సాక్షి బోనులో చాప పరుచుకుని, కాళ్ళు బయటికి పెట్టి పడుకునేవాణ్ణి. మంచం తిరిగొచ్చాక, దాని మీద ఈ వారం ఎవరు చచ్చిపోయి ఉంటారో (సినిమాలోనే లెండి) తలుచుకోకుండా నిద్రపోవడం ఒక విద్యగా నేర్చుకున్నాను.

గుట్ట వాలులో బండరాళ్ళ మధ్య ఉన్న ఆ ఇంటికి పెంకుల వాలు కప్పుండేది. ఆ కప్పుకూ, కింది గదుల చెక్క సీలింగుకూ మధ్య పెద్ద అటక. నడిమధ్యన మనిషి నిటారుగా నిలబడొచ్చని పిన్ని చెప్పేది. ఒక రోజు అన్నాల దగ్గర ఆవిడే, "ఆ అటకను గది చేయిస్తే పిల్లాడు పడుంటాడు కదండీ, ఎన్నాళ్ళని బోనులో పడుకుంటాడు" అంది. బాబాయి చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. దాన్ని కంచంలో పెట్టేసి, "సరేరా. మూడు కొటేషన్లు పట్రా. నెలాఖరులోపు మూడూ నా చేతిలో ఉండాలి. లేదంటే మీ నాన్నకి ఫోన్ చేసి కొట్టు తాళాలు సిద్ధం చేసుకోమంటాను" అన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి ఇంకో మాట కూడా చేర్చాడు. "నువ్వు మాత్రం పైకెక్కకు. తేళ్ళున్నాయి. వచ్చినవాళ్ళు ఎక్కి చూసుకుంటారు, నువ్వు కింద నిచ్చెన పట్టుకో చాలు."

నాకది వింతగా తోచలేదు. నా విషయంలో బాబాయి జాగ్రత్తలన్నీ అలాగే ఉండేవి. బైకు ముట్టుకోనిచ్చేవాడు కాదు. జూబిలీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర రోడ్డు దాటాలంటే, ఇరవై మూడేళ్ళ గడ్డంవాణ్ణి, అంతమందిలో నా చెయ్యి పట్టుకునేవాడు. కుడి చేతికి తాయెత్తు కట్టించాడు. తుమ్మితే డాక్టరు దగ్గరికి తీసుకుపోయేవాడు. పిల్లలు లేనివాడు, ప్రేమ ఎక్కువ అనుకునేవాణ్ణి.

మొదట బోరబండ నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. "ఏముంది సార్, గంట పని. కొల్తలు దీస్కుంట, రేటు జెప్త" అని హుషారుగా నిచ్చెనెక్కాడు. పొద్దున పదకొండయి ఉంటుంది. తల మీద చెక్కలు కిర్రుమన్నాయి, కొలిచే టేపు సర్రుమని సాగిన చప్పుడైంది. అది వెనక్కి చుట్టుకున్న చప్పుడు మాత్రం రాలేదు. వంటింట్లో కుక్కరు మూడు కూతలు కూసింది. పైన అడుగు కదలడం లేదు. నేను పిలవబోతుండగా అతని మడమలు కనిపించాయి. ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగాడు. దిగినవాడు నా మొహం చూడలేదు, ముందు నా పాదాలు చూశాడు.

"సార్, జర చెప్పులు ఇడువుండ్రి" అన్నాడు. ఇంట్లో చెప్పులేసుకోవడం తప్పనుకున్నాడేమోనని విడిచాను. నా వేళ్ళు ముందుకున్నాయా వెనక్కున్నాయా అన్నట్టు వంగి మరీ చూశాడు. "జర ఎండల నిలవడుండ్రి" అన్నాడు. నిలబడితే, నా వెనక నేల మీద పడిన నీడను తల నుంచి కాళ్ళదాకా చూసుకున్నాడు. పిన్ని పంపిన చాయ్ అందించబోతే రెండడుగులు వెనక్కి వేశాడు. "మీ చేతి చాయ్ నాకొద్దు సార్. రేటు ఫోన్ల జెప్త" అని, టేపు పైనే వదిలేసి వెళ్ళిపోయాడు. రెండు రోజులు చూసి నేనే ఫోన్ చేశాను. "మీరు ఫోన్ జెయ్యకుండ్రి సార్. మా ఇంట్ల ముసలమ్మ బుగులు పడ్తుంది. మీ ఇంట్ల పెద్దోళ్ళుంటే గాళ్ళతోని జేపియ్యుండ్రి" అని పెట్టేశాడు. కుర్రాణ్ణని చులకన చేశాడని నాకు ఒళ్ళు మండిపోయింది.

రెండో ఆయన మధురానగర్ కాంట్రాక్టరు. చేతిలో ఫైలు, నుదుట బొట్టు, పెద్దమనిషి. ఆయనా ఎక్కాడు, పైన ఆయన అడుగులూ ఆగిపోయాయి. దిగాక నన్ను దాటుకుని, నాకు తగలకుండా గోడవారగా నడిచి, పిన్ని దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, ఇంట్ల ఎవరెవరుంటరు?"

"నేనూ, మా ఆయనా, వీడూ. మా అక్క కొడుకు."

"గీ అబ్బాయి మీకు గూడ కనవడ్తుండా?"

పిన్ని అప్పటికే నా తిరుగుళ్ళ మీద కోపంగా ఉంది. "కనపడకేం? అన్నం వేళకి ఠంచనుగా కనపడతాడు. మిగతా పొద్దంతా ఎక్కడుంటాడో ఆ దేవుడికే తెలియాలి" అంది.

ఆయన నా వైపు తిరిగి, చేతులు జోడించి, చాలా మెల్లగా, "బాబూ, మనసుల ఏమన్న కోరిక మిగిలుంటే అమ్మకు జెప్పుకో. మా ఎంబడి మాత్రం రాకు" అన్నాడు. డైరెక్టరు కావాలన్న నా కోరిక ఈయనకెవరు చెప్పారా అని నేను ఆశ్చర్యపోయాను. (ఆ వయసులో లోకమంతా నా కోరిక గురించే ఆలోచిస్తోందని నా నమ్మకం.)

ఆయన వెళ్ళాక మాత్రం నాకు భయం పట్టుకుంది. అంతవరకూ పట్టించుకోనివన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ప్రతి శుక్రవారం నేను స్నానానికి వెళ్ళినప్పుడు తల మీద ఎవరో మెల్లగా నడిచిన చప్పుడు వినిపించేది. అడిగితే, "పిల్లిరా" అనేవాడు బాబాయి. దగ్గే పిల్లిని నేనంతకు ముందు ఎరగను. అదే రోజు చెక్కల సందుల్లోంచి అగరొత్తుల వాసన దిగేది. ఒకసారి నా దిండు మీద చిటికెడు కుంకుమ రాలి ఉంది. పట్టపగలే ఆ సీలింగు కింద కూర్చోవాలంటే వీపు జిల్లుమనేది. పైన ఉన్నదేదో నన్నే చూస్తోందనిపించేది. స్నానాలగదిలో ఎవరూ చూడకుండా నా పాదాలు నేనే ఒకటి రెండుసార్లు పరీక్షగా చూసుకున్నానంటే మీరు నమ్మాలి. అయినా ఊరికి పోయి యూరియా బస్తాలు లెక్కపెట్టడం కంటే దయ్యంతో కాపురమే నయమనిపించి, మూడో కొటేషన్ కోసం తిరిగాను.

నెలాఖరుకు రెండు రోజులుందనగా బంజారాహిల్స్ ఆఫీసు నుంచి ఇంటీరియర్ మేడమ్ వచ్చింది. "హాయ్ అండీ, స్పేస్ చూడొచ్చా?" అని, టేపు కూడా లేకుండా ఎర్ర లైటు కొట్టే కొలత యంత్రంతో టకటకా ఎక్కేసింది. పది నిమిషాల్లో మామూలుగానే దిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఐయామ్ సో సారీ అండీ. ట్విన్ బ్రదరా?" అంది.

"ఎవరండీ?"

"అదే, పైన ఫోటోలో. దండ వేసి ఉంది కదా. సేమ్ మీలాగే ఉన్నారు."

తేళ్ళ సంగతి మరిచిపోయి నిచ్చెనెక్కాను. పగిలిన పెంకులోంచి ఒకే ఒక్క ఎండ పట్టీ లోపలికి పడుతోంది. దాని చివర, గోడకానించి, నిలువెత్తు ఫ్రేములో నేనున్నాను. నా ముక్కు, నా ఎడమ చెంప మీది పుట్టుమచ్చ, నా పిచ్చి క్రాపు. మెడలో గంధపు దండ. ముందు పళ్ళెంలో కుంకుమ అద్దిన నిమ్మకాయలు, ఒకటి ఇంకా పచ్చిగా ఉంది. ఫోటో కింద జననం అని రాసి ఒక తేదీ వేశారు. దాని పక్కన మరణం అని రాసి, తేదీ మాత్రం ఖాళీగా ఉంచారు. నా ఊపిరి నాకే వినిపిస్తోంది. కాలి దగ్గర బోరబండ మేస్త్రీ టేపు సాగదీసినది సాగదీసినట్టే, నా ఫోటోను చూపిస్తూ పడి ఉంది. ఆ ఖాళీ తేదీ ఎప్పుడని నన్ను అడుగుతున్నట్టుగా ఉండి, అసలు బతికే ఉన్నానా అని నిజంగా నాకే ఒక అనుమానం వచ్చింది. గట్టిగా గిల్లుకున్నాను, నొప్పి పుట్టింది, అప్పుడు దిగాను.

కింద బాబాయి వచ్చి ఉన్నాడు. నా నెత్తి మీది బూజు చూసి, ఏమీ అడగకుండా వెళ్ళి ఎదురుగా ఉన్న సాక్షి బోనులో నిలబడ్డాడు. (కూలబడబోతూ పట్టుకోవడానికి దొరికింది అదే పాపం.) మేడమ్ ఉందని కూడా చూడకుండా అంతా చెప్పేశాడు. నేను వచ్చిన మొదటి నెలలో ఒక సినిమాకు హీరోయిన్ చనిపోయిన అన్నయ్య ఫోటో కావలసి వచ్చిందట. ఇస్తానన్నవాడు ఇవ్వలేదు. తెల్లారితే షాట్. గుర్తింపు కార్డు కోసమని నేనిచ్చిన ఫోటో బాబాయి జేబులో ఉంది. దాన్నే పెద్దది చేయించి, దండ వేసి పంపేశాడు.

ఇక్కడ మా పరిశ్రమ ఆచారం ఒకటి చెప్పాలి. బతికున్న మనిషి ఫోటోకు దండ వేసి షాట్ తీస్తే, కట్ చెప్పాక ఆ మనిషిని పిలిచి అదే కెమెరా ముందు ఒకసారి నవ్విస్తారు. ఆ నవ్వు సినిమాలో ఉండదు, కీడు పోవడానికంతే. ఆ తర్వాతే ఆ మనిషి తన చేత్తో దండ తీసేస్తాడు. నన్ను మర్నాడు పిలిచి నవ్వించాలనుకున్నారు. ఆ మర్నాడే సినిమా ఆగిపోయి, ఫోటో దండతో సహా ఇంటికి తిరిగొచ్చింది.

"ముప్పై ఏళ్ళుగా దండ వేసిన ప్రతివాణ్ణీ నవ్వించే పంపానురా" అన్నాడు బాబాయి. "నా ఇంటి పిల్లాణ్ణి, నిన్నొక్కణ్ణే అలా వదిలేశాను. నవ్వు షాట్ పడకుండా దండ తియ్యకూడదు. దండ తియ్యకుండా అటక ఖాళీ చెయ్యకూడదు. నీతో చెబితే భయపడతావు. మూడు కొటేషన్లంటే విసిగి నువ్వే మానేస్తావనుకున్నాను. నువ్వు లారీ కింద పడ్డట్టు కలలొస్తున్నాయి నాకు." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్న చెయ్యి, తాయెత్తు, శుక్రవారం దగ్గే పిల్లి, అన్నీ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. తిట్టాలని దిగినవాణ్ణి, వెళ్ళి ఆయన పక్కనే బోనులో నిలబడ్డాను.

"ఆ స్మైల్ షాట్ ఇప్పుడు తీసేద్దాం అంకుల్, నా ఫోన్లో" అంది మేడమ్. అదే కెమెరా కావాలని బాబాయి గొణిగాడు గానీ పిన్ని వినలేదు. ఫోటోను వాకిట్లోకి దించి, కొబ్బరికాయ కొట్టి, యాక్షన్ కూడా తనే చెప్పింది. చచ్చిపోయిన నా ఫోటో పక్కన నిలబడి నేను నవ్వాలి. మొదటి టేకులో ఏడుపు మొహం పడింది. రెండో టేకులో పళ్ళు కనిపించాయి గానీ అది నవ్వు కాదు. మూడో టేకు చూసి మేడమే భయపడింది. నాలుగోది మొదలవుతుండగా గేటు చప్పుడైంది. టేపు కోసం తిరిగొచ్చిన బోరబండ మేస్త్రీ. రక్షణగా చేతిలో నిమ్మకాయ. ఒకే చోట పక్కపక్కన ఇద్దరు నేనులను, ఎదురుగా కొబ్బరికాయనూ చూసి, "టేపు మీ తానే ఉండనియ్యుండ్రి సార్" అని మర్యాదగా చెప్పి, స్కూటర్ కూడా వదిలేసి గుట్ట కిందికి పరుగెత్తాడు. నాకు నవ్వాగలేదు. షాట్ ఓకే అయింది. దండ నేనే తీశాను.

మూడు అడిగినవాడికి ఒకే ఒక్క కొటేషన్ ఇచ్చాను, మేడమ్‌ది. బాబాయి చదవకుండానే సంతకం పెట్టాడు. ఆ అటక గదిలో నాలుగేళ్ళున్నాను. డైరెక్టర్ని కాలేదు. జూబిలీహిల్స్‌లోనే ఒక ఆఫీసులో కూర్చుని ఎవరో తీసిన సినిమాలకు సబ్‌టైటిళ్ళు రాస్తుంటాను, అదీ ఇష్టంగానే.

మొన్నామధ్య బాబాయి ఫోన్ చేశాడు. ముసలి గొంతు వణుకుతోంది. "ఒరే, ఆ సినిమా మళ్ళీ మొదలైందిరా. ఫోటో అడిగారు. అసలు కెమెరా ముందు నీ నవ్వు షాట్ ఇంకా బాకీ ఉందిగా, నువ్వూ రా" అన్నాడు. వెళ్ళాను. రోడ్డు దాటేటప్పుడు ఈసారి నేనే ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఫోటోను దండతో గోడకు తగిలించి షాట్ తీసేశారు. అసిస్టెంట్ డైరెక్టరు అమ్మాయి ఒకతి వచ్చి, ఫోటో వంకా నా వంకా రెండుసార్లు చూసి, నా బట్టతల దగ్గర ఆగి, "మీరు ఈ ఫోటోలో అబ్బాయికి అన్నయ్యా సార్? తను రాలేదా?" అంది.

బాబాయి ఏదో చెప్పబోయాడు, నేను ఆపాను. ఆ అబ్బాయి రాలేడమ్మా, బదులుగా నేను నవ్వితే పనికొస్తుందా అని అడిగాను. పనికొస్తుందంది. కెమెరా వైపు చూడమన్నారు గానీ నా చూపు గోడ మీదికి పోయింది. అక్కడ ఆ పిచ్చి క్రాపువాడు, గది దొరికితే చాలు లోకాన్ని ఏలేస్తానన్నట్టు, దండ మెడలో వేసుకుని నా వైపే చూస్తున్నాడు. మొదటి టేకులోనే ఓకే అయింది.