చోటు తెలియని పెంకు

నా చిన్నప్పుడు ఆదివారం అంటే అందరిళ్ళల్లో తలంటు, టీవీ. మా ఇంట్లో మాత్రం రాళ్ళు. నిజంగానే రాళ్ళు. తెల్లారేసరికి మా తాతయ్య గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు, నేను కళ్ళు నులుముకుంటూ ఆయన వెనక బయల్దేరేదాన్ని. అమ్మ పులిహోర డబ్బా చేతికిస్తూ, ‘రాళ్ళను చూడ్డానికి పెళ్ళికి పోతున్నట్టు ముస్తాబేమిటో’ అని ప్రతివారం అనే మాటే అనేది.

మాది మేడ్చల్‌లో అప్పుడప్పుడే ఇళ్ళు లేస్తున్న కాలనీ. తొంభైల మొదట్లో నాన్నకు ఇటువైపు బదిలీ అయింది. నాయనమ్మ పోయాక తాతయ్య కూడా తెనాలి దగ్గరి పల్లె వదిలి మా దగ్గరికి వచ్చేశాడు. బళ్ళో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. వచ్చిన కొత్తలో ఏమీ తోచక, చదివిన పేపరే మళ్ళీ చదువుతూ వరండాలో కూర్చునేవాడు. ఆయన్ను చూస్తే నాకు దిగులుగా ఉండేది. అలాంటిది ఒకరోజు, ఈ చుట్టుపక్కల చేలల్లో ఎప్పుడో ఇనుము కొత్తగా వాడుకలోకి వచ్చిన కాలం నాటి సమాధులున్నాయని, పెద్ద పెద్ద గుండ్లను వలయంగా పేర్చి ఉంటారని ఎవరో చెప్పారు. అంతే, మనిషి లేచి కూర్చున్నాడు.

ఒక వారం శామీర్‌పేట వైపు, ఒక వారం లాల్‌గడి మలక్‌పేట్ వైపు, ఒక వారం రావల్కోల్ వైపు. బస్సు దిగి, అడ్డదారిన చేల గట్లమీద నడక. తాతయ్య సంచిలో బొమ్మల పుస్తకం, మూరకొక ముడి వేసిన పురికొస, పెన్సిళ్ళు పెట్టుకునే ఒక రేకు డబ్బా ఉండేవి. పురికొస ఒక కొస నేను పట్టుకుని గుండు దగ్గర నిలబడితే, ఆయన రెండో కొస లాగుతూ ముడులు లెక్కపెట్టి బొమ్మ గీసుకునేవాడు. రెండు వేల ఏళ్ళ పైమాటే అమ్మలూ, అనేవాడు. నాకు రెండు వేల ఏళ్ళంటే ఏం తెలుసు? వేసవి సెలవులకంటే పొడుగు అని మాత్రం తెలుసు.

ఆయన దగ్గర ఒక్కటే కట్టుబాటు ఉండేది. ఏదైనా ముట్టుకోవచ్చు, ఏదీ తీసుకోకూడదు. గులకరాయైనా సరే, పగిలిన కుండ పెంకైనా సరే, ఉన్నచోటే ఉండాలి. చోటు తప్పిస్తే ఇక అది ఏమీ చెప్పలేదు అనేవాడు. ఈ మాట నేను ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పగలిగేదాన్ని. అప్పజెప్పడం వేరు, ఆగడం వేరు.

రావల్కోల్ దగ్గర ఒక చేను మధ్యలో మాకు దొరికిన వలయం అన్నిటికంటే పెద్దది. చుట్టూ నా ఎత్తు గుండ్లు, లోపల చిన్నరాళ్ళ కుప్ప. ఆ చేను ఒక అవ్వది. మమ్మల్ని చూసి ముందు సర్వే చేసేవాళ్ళమనుకుని కర్ర పట్టుకుని వచ్చింది. తాతయ్య బొమ్మల పుస్తకం చూపించాక కర్ర పక్కన పెట్టి, తాగడానికి మజ్జిగ ఇచ్చింది.

“గివి రాకాసి గుండ్లు సారూ. గీడ పెద్ద పెద్దోళ్ళు పండుకున్నరని మా అత్త జెప్పేది. గీ గుండ్ల మీద మేము నాగలి పోనియ్యం” అంది.

నాగలి పోనివ్వకపోవడమే కాదు, వాళ్ళ ఇంట్లో ఇంకో పట్టింపు ఉంది. ఏటా తొలకరికి దున్నడం మొదలుపెట్టినప్పుడు మట్టిలోంచి పైకి లేచిన మొదటి రాయిని, నాగలి పట్టినవాడు తెచ్చి ఈ కుప్పమీద పెడతాడు. మరుసటి ఏడు ఆ రాయిమీద చెంబుడు నీళ్ళు పోశాకే మళ్ళీ నాగలి కదలాలి. అలా ఎన్ని తరాల రాళ్ళో ఆ కుప్పలో ఉన్నాయి. తాతయ్య బొమ్మ గీయడం ఆపి, నోరు తెరుచుకుని విన్నాడు. నేను వినలేదు. నా చూపు అప్పటికే ఒక రాయిమీద పడింది.

అరచేతిలో పట్టేంత పలకరాయి. నల్లగా, నున్నగా, నడుమ ఒక తెల్లటి గీత. మా కాలనీలో అప్పుడు తొక్కుడుబిళ్ళ పిచ్చి. పక్కింటి అక్క దగ్గర మంచి బిళ్ళ ఉండేది, ఎవరికీ ఇచ్చేది కాదు. నా పెంకు ఎప్పుడు విసిరినా గీత మీదే పడేది. ఈ రాయి చూడగానే ఇక నన్నెవరూ ఓడించలేరనిపించింది. గౌను జేబులో వేసుకున్నాను. ఇంతేనండీ దొంగతనం. ఇంత తేలిక.

రెండు వారాలు నేనే రాణిని. మూడోవారం మొదట్లో రాయి వెళ్ళి సిమెంటు గట్టుకు తగిలి ఒక మూల విరిగింది. అయినా ఆట ఆగలేదు.

ఆ ఆదివారం మళ్ళీ రావల్కోల్ వెళ్ళాం. మృగశిర కార్తె వచ్చేసింది, పడమట మబ్బు పట్టింది. చేనులో ఎడ్లు నాగలికి కట్టి ఉన్నాయి. అవ్వ కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కో రాయీ తీసి చూసి పక్కన పెడుతోంది. ఆమె కొడుకు కాస్త దూరంలో నిలబడి ఆకాశం వైపు, తల్లి వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

“ఆయన రాయి కనవడ్తలేదు సారూ. నల్లగుంటది, నడుమ తెల్ల గీత ఉంటది. పోయినేడు ఆయన ఆకరిసారి దున్నినప్పుడు పెట్టిండు” అంది అవ్వ.

ఆ దున్నకం అయిన నెలకే ఆమె భర్త పోయాడట.

“గిన్ని రాళ్ళల్ల ఒక్క రాయి కోసం గింత పరేషానేందే అమ్మా? మొగులైతాంది. ఇంకో రాయి మీద నీళ్ళు పొయ్యరాదు, జల్దీ దున్నుత” అన్నాడు కొడుకు.

“ఇంకో రాయి ఆయనది గాదు గదరా” అంది అవ్వ. కోపంగా కాదు. అలా అని మళ్ళీ వెతుక్కోవడం మొదలుపెట్టింది.

ఆ రాయి ఆ సమయానికి మా ఇంటి మెట్ల కింద, నా చెప్పుల పక్కన ఉంది. చెప్పాలంటే ఒక్క మాట. ఆ మాట నేను అనలేదు. తాతయ్య కూడా వంగి కాసేపు అవ్వతో పాటు వెతికాడు. ఆ వంగిన వీపు చూస్తుంటే నాకు అక్కడే భూమిలోకి పోవాలనిపించింది. దారంతా ఆయన నన్నేమీ అడగలేదు. ఆ సాయంత్రం పిల్లలు పిలిచినా నేను ఆటకు వెళ్ళలేదు. ఆయన వరండాలో కూర్చుని, చదివిన పేపరే మళ్ళీ చదువుతున్నాడు.

ఇంకా వేసవి సెలవులే. మర్నాడు సోమవారం మధ్యాహ్నం నేను నిద్రపోతున్నట్టు నటిస్తూ పడుకుంటే, పెరట్లో బట్టలుతికే బండ దగ్గర్నుంచి గరగరమని చాలాసేపు చప్పుడు వినబడింది. తాతయ్య పెన్సిళ్ళు చెక్కే చాకు నూరుకుంటున్నాడనుకున్నాను.

మంగళవారం పొద్దున్నే, బొమ్మ సగంలో ఉండిపోయింది, రావల్కోల్ పోదాం రమ్మన్నాడు. ఎలాగైనా ఎవరూ చూడకుండా కుప్పలో పడేసి రావచ్చని రాయిని జేబులో వేసుకున్నాను. చేను ఇంకా కనబడక ముందే, దారిలో ఒక తుమ్మచెట్టు కింద తాతయ్య కూలబడ్డాడు. రేకు డబ్బా తెరిచి, దూదిలో చుట్టిన ఒక కుండ పెంకు తీసి నా చేతిలో పెట్టాడు. ఎర్రటి పెంకు. అంచులు అరిగిపోయి ఉన్నాయి. పైన రెండు తెల్లటి గీతలు, పక్కపక్కనే, వెలిసిపోయినట్టుగా.

నా వయసులో ఉన్నప్పుడు తను ఇలాంటి ఒక పాతచోట దాన్ని తీసి జేబులో వేసుకున్నానని చెప్పాడు. స్నేహితులకు చూపించి గొప్పలు పోదామని. కొన్నేళ్ళకు చూస్తే అది ఏ ఊరిదో, ఏ చేనుదో మర్చిపోయాడు.

“ఇన్నేళ్ళుగా దీన్ని ఇంటికి పంపాలనే ఉంది అమ్మలూ. కానీ దీని ఇల్లెక్కడో నాకు తెలియదు” అన్నాడు.

ఆయన గొంతు వణికింది. మా తాతయ్య, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, నా ముందు తలవంచుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. జేబులోంచి రాయి తీసి ఆయన ఒళ్ళో పెట్టేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు, తిట్టలేదు. విరిగిన మూలను వేలితో తడిమి, రాయిని మళ్ళీ నా చేతికే ఇచ్చాడు. నాకంటే నువ్వు అదృష్టవంతురాలివి, నీది ఎక్కడిదో నీకు తెలుసు కదా, అన్నాడు. పడేసి రావడం కాదు, చేతికివ్వాలి అని కూడా అన్నాడు. తను గట్టు మీదే ఆగిపోయాడు.

గట్టునుంచి వలయం దాకా వంద అడుగులు కూడా ఉండవు. అంత దూరం నేను మళ్ళీ ఎప్పుడూ నడవలేదు. అవ్వ రాయి అందుకుని కొంగుతో తుడిచింది. ఎక్కడ దొరికిందని అడిగింది. నేనే తీశానని, ఆటకని, మూల కూడా నేనే విరగ్గొట్టానని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. చెప్పి ఆమె వైపు తలెత్తాను. చూస్తే కళ్ళనిండా నీళ్ళు, మూతి మీద నవ్వు.

“ఆటకు పట్కపోయినవా బిడ్డా! ఆయనకు గూడ ఆటలంటె మస్తు పాణముండె. ఎడ్లిడిచినంక పిల్లలతోని గోటీలాడెటోడు. మంచిగ తిరిగొచ్చిండు తియ్యి” అంది. కాస్త ఆగి, “గని ఇంకోసారి అడిగి పట్కపో. గీ రెండు దినాలు నాకు బువ్వ పోలే” అంది.

ఆ రెండో మాట అనకుండా ఉంటే నేను ఇంత గుర్తుపెట్టుకునేదాన్ని కాదేమో. క్షమించడమూ క్షమించింది, ఎంత బాధ పెట్టానో దాచకుండా చెప్పింది.

రాయిని కుప్పమీద పెట్టి చెంబుతో నీళ్ళు పోసింది. కొడుకు హమ్మయ్య అనుకుని, రెండు రోజులుగా ఖాళీగా ఉన్న ఎడ్లను నాగలికి కట్టి అదిలించాడు. మొదటి చాలులో లేచిన రాయిని అతను తెచ్చి తల్లికిస్తే, ఆమె దాన్ని నాకిచ్చి నా చేత పెట్టించింది. ఆ ఏటి రాయి నా చేతిది. గర్వం పట్టలేక, మా తాతయ్య దగ్గర కూడా చోటు తెలియని పెంకు ఒకటుందని గట్టుమీదున్న ఆయనకు వినబడేలా అరిచి చెప్పేశాను.

“పాపం, జాగ తెల్వనిదైతే గీడనే పెట్టుండ్రి సారూ. గిన్నిట్ల అదొక్కటి ఎక్కువైతదా?” అంది అవ్వ.

నేను చప్పట్లు కొట్టాను. తాతయ్య మాత్రం కంగారుపడిపోయాడు. డబ్బా సంచిలోకి తోసేసి, వద్దమ్మా వద్దు, రేపు ఎవరైనా ఇక్కడ తవ్వి చూస్తే ఈ పెంకు వాళ్ళకు అబద్ధం చెబుతుంది అన్నాడు. ఎంత నిక్కచ్చి మనిషో అని నేను పొంగిపోయాను.

ఏళ్ళు గడిచాయి. ఆ దార్లన్నీ తారురోడ్లయ్యాయి, తుర్కపల్లిలో కొత్తగా వచ్చిన కంపెనీల కార్లు పొద్దునా సాయంత్రం బారులు తీరేవి. నేను ఉద్యోగంలో చేరిన ఏడు తాతయ్య పోయాడు. ఆయన సామాన్లు సర్దుతూ అమ్మ రేకు డబ్బా తెరిచి, దూదిలోని పెంకు చూసి ఫక్కున నవ్వింది.

“ఇదేమిటే, మన మంచినీళ్ళ కుండ ముక్క! ఈ తెల్ల గీతలు నేనే కదా వేశాను. మీరు రావల్కోల్ తిరిగిన ఆ ఎండాకాలం నువ్వు బిందె తగిలించి పగలగొట్టావు. మీ తాతయ్య దీన్నెందుకు దాచాడో” అంది.

నాకు బట్టలుతికే బండ మీద గరగరమన్న చప్పుడు గుర్తొచ్చింది. ఆ సోమవారం మధ్యాహ్నం పెరట్లో కూర్చుని, కుండ పెంకు అంచులు అరగదీస్తున్న ముసలాయన కళ్ళకు కట్టాడు. ఆయన జీవితంలో ఎక్కడనుంచీ ఏదీ తీయలేదు. నేనొక్కదాన్నే దొంగగా నిలబడకూడదని పక్కన వచ్చి నిలబడ్డాడు. నాకు అబద్ధం చెప్పగలిగాడు గానీ, ఆ గుండ్ల దగ్గర చెప్పలేకపోయాడు. అమ్మ నవ్వుతూనే ఉంది, నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

అవ్వ కొడుకు తరవాత చేను అమ్మేశాడు. గుండ్లున్న నాలుగు గుంటల నేల మాత్రం ఉంచుకున్నాడు. చుట్టూ ప్లాట్ల మధ్య ఆ వలయం ఇంకా ఉంది. కుప్పమీద మూల విరిగిన నల్లరాయి కూడా ఉంది, చూసి వచ్చాను.

మొన్న మా చెల్లెలి కూతురు ఎవరింటినుంచో ఏదో జేబులో వేసుకొచ్చి, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చెల్లెలు గట్టిగా అడగబోతుంటే ఆపాను. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని రేకు డబ్బా తెరిచాను. నీ అంత ఉన్నప్పుడు దీన్ని ఎక్కడినుంచో తీసుకొచ్చాను తల్లీ, ఇప్పుడు తిరిగిద్దామంటే ఎక్కడిదో తెలియడం లేదు అన్నాను. నా గొంతు కూడా నిజంగానే వణికింది. అది పెంకును అటూ ఇటూ తిప్పి చూసి, ‘పాపం పెద్దమ్మా’ అంది. అని మెల్లగా తన జేబులో చెయ్యి పెట్టింది.

పెంకును మళ్ళీ దూదిలో చుట్టి డబ్బాలో పెట్టుకున్నాను. దాని చోటు నాకు బాగా తెలుసు.