అత్త ముఖం ముందు అరచెయ్యి

రాయదుర్గంలో జీన్స్ కుట్టే షెడ్డులో నేను పనిచేసిన ఏళ్లలో నోటితో మాట్లాడింది తక్కువ. మిషన్లన్నీ ఒక్కసారి మొదలయ్యాయంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకే అక్కడి ఆడవాళ్లమంతా ఒంటితోనే మాట్లాడుకునేవాళ్లం. చిటికెన వేలు తిప్పితే బాబిన్‌లో దారం అయిపోయిందని. గడ్డం భుజానికి ఆనిస్తే సూపర్‌వైజర్ వెనకే ఉన్నాడని. ఎదుటి మనిషి ముఖం ముందు అరచెయ్యి నిలబెడితే, 'ఆగు, కుట్టు మధ్యలో ఉన్నాను' అని. ఇందులో తప్పు పట్టేదేముంది? ఏమీ లేదు, షెడ్డులో ఉన్నంతవరకూ.

ఇంటికొచ్చాక కూడా చెవుల్లో ఆ హోరు ఒక పట్టాన వదిలేది కాదు. ఒక సాయంత్రం అలాగే వచ్చి పొయ్యి మీద పాలు పెట్టాను. మా అత్త చెల్లెలు గార్లదిన్నె నుంచి వచ్చి ఉంది. మా వంటిల్లు ఇరుకు. అక్కచెల్లెళ్లిద్దరూ దాని గడప మీదే కూర్చుని మాట్లాడుకుంటున్నారు. పాలు పొంగు మీదున్నాయి. సరిగ్గా అప్పుడే అత్త నన్నేదో అడిగింది. ఆమెను చూడకుండానే అరచెయ్యి ఎత్తి ఆమె ముఖం ముందు నిలబెట్టాను. పాలు దించి, "ఏంది అత్తా?" అని తిరిగేసరికి కొంప మునిగింది.

"ఏమక్కా, నీ కోడలు నోరు మూసుకోమని చెయ్యి చూపిస్తాండాదే!" అంది చిన్నత్త.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారు. ఇక్కడ ఆ బాధ అత్తకే వచ్చిపడింది. చెల్లెలు చూడకపోయి ఉంటే రెండు తిట్లతో పోయేది.

"అది మిషన్ల కాడ అలవాటు అత్తా. ఆగమని, అంతే," అన్నాను.

"యా పనిలో నేర్పిస్తారమ్మా, అత్తకు చెయ్యి చూపీమని?" అంది. అదే ఆఖరి మాట. మర్నాటి నుంచి నాతో మాట్లాడటం మానేసింది. నోరు మూసుకోమన్నానని కోపం, ఆ కోపంతో ఆమె చేసిందేమిటంటే నోరు మూసుకోవడం! ఎవరితో చెప్పుకోవాలి?

మాట లేదన్నమాటే గానీ ఇల్లంతా ఆమె మాటలే. జొన్నరొట్టె తట్టే చప్పుడులో ఎవరి చెంప పగులుతోందో నాకు తెలుసు. గోడవైపు తిరిగి తినేది. నేను వచ్చి కూర్చుంటే కొంగు దులుపుకుని లేచిపోయేది. మా ఆయనకు చెబితే, "మాయమ్మ బాగానే ఉండాది కదా, ఏమైందిప్పుడు?" అని ఇంకో రొట్టె అడిగాడు. గోడకు చెప్పుకున్నా నయం.

నా అసలు భయం వేరు. నేను పనికి పోతే మా చిన్నపిల్లను చూసుకునేది అత్తే. ఒక ఉదయం ఆమె చీరలు సంచిలో సర్దుతూ కనిపించింది. చెల్లెలి ఊరికి పోతోందని వేరే చెప్పాలా? ఆమె పోతే నా పని పోయినట్టే. పెళ్లయ్యాక నాదంటూ ఉన్నది ఆ మిషన్ ఒక్కటే. బతిమాలదామని దగ్గరికి పోతే వీపు తిప్పింది. నాకూ ఒళ్లు మండింది. క్యారియర్ కూడా తీసుకోకుండా విసురుగా వెళ్లిపోయాను.

మధ్యాహ్నం కాకముందే షెడ్డు తలుపు దగ్గర ఆమె నిలబడి ఉంది. చంకలో పాప, చేతిలో నా క్యారియర్, భుజానికి ఆ సంచి. పాపను నాకప్పగించి బస్సెక్కడానికే వచ్చింది. పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది. నోరు తెరుచుకోవడం, మెడ నరాలు తేలడం కనిపిస్తున్నాయి గానీ మాట ఒక్కటీ చేరడం లేదు. జిప్పు కుట్టు సగంలో ఉంది. ఆపితే మొత్తం విప్పుకోవాలి.

నా పాడు చెయ్యి లేచింది. నేను లేపలేదు, అదే లేచింది. అదే అరచెయ్యి, మళ్లీ ఆ అత్త వైపే. ఇక అయిపోయిందనుకున్నాను. ఆ చేతిని నరికి పారేసినా పాపం లేదనిపించింది.

అంతలో సూపర్‌వైజర్ నా ముందు మిషన్ ఆవిడ దగ్గరికి వచ్చి ఏదో అడిగాడు. ఆవిడ తలెత్తకుండానే అతని ముఖం ముందు అరచెయ్యి నిలబెట్టింది. పొద్దున లేస్తే మమ్మల్ని తిట్టడమే పనిగా పెట్టుకున్న ఆ మనిషి కిక్కురుమనకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అత్త అతన్ని చూసింది. ఆవిడను చూసింది. పాపను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుని తనూ నిలబడింది.

కుట్టు ముగించి పరుగెత్తాను. క్యారియర్ నా చేతిలో పెట్టి ఏదో అంది. వినపడలేదని తల ఊపాను. ఆమె విసుక్కుని, ఐదు వేళ్లూ ముడిచి నోటి దగ్గర పెట్టి చూపించింది. తిని చావు, అని. పాపను మాత్రం నాకివ్వలేదు. బస్టాండు కుడివైపు. ఆమె ఎడమవైపు, ఇంటికి, నడిచింది. సందు మలుపు దాకా ఆ వీపునే చూస్తూ నిలబడ్డాను. ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. ఈ ముక్క నేను నోటితో చెప్పిన రోజే నమ్మి ఉంటే ఇన్నాళ్లు నా ప్రాణం తినేది కాదు కదా!

సాయంత్రం దాని ఊసే లేదు. "పాలొచ్చినాయి, కాగబెట్టు," అంది, అంతే. కోపం పోయిందా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కొన్నాళ్లకు చిన్నత్త మళ్లీ వచ్చింది. అదే గడప మీద కూర్చుంది. "ఏమక్కా, నీ కోడలు ఇంకా అట్లనే చెయ్యి చూపిస్తాండాదా? మా ఊర్లో అయితేనా..." అని మొదలుపెట్టింది.

అత్త బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తలేదు. అరచెయ్యి మాత్రం ఎత్తి చెల్లెలి ముఖం ముందు నిలబెట్టింది.

"ఏందక్కా, పాలు పొంగుతాండాయా?" అని చిన్నత్త పొయ్యి వైపు తొంగిచూసింది.

పొయ్యి మీద ఏమీ లేదు.