ముందు ఎడమ చేతికి చెప్పమన్న అత్త

మా ఎదురింటి అత్త పోయింది. ఆవిడ కోడలు ఫోన్ చేసేసరికి నేను విరుదునగర్‌లో, నేను పనిచేసే పప్పు మిల్లులో, కందిపప్పు ఏరుతున్నాను. "అత్త పోయిందక్కా. పొద్దున కాపీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకి ఆనుకొని కూర్చునింది. అంతే" అంది. గ్లాసు కడిగి బోర్లించి మరీ పోయిందంటే నాకు ఏడుపుతో పాటు నవ్వూ వచ్చింది. ఎవరికీ పని మిగల్చని మనిషి.

మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. కోవిల్‌పట్టిలో మా వీధిలో ఇంటి లోపల తెలుగు, గడప దాటితే తమిళం. ఆ ఇంటి తెలుగు వరసలోనే ఆవిడ నాకు అత్త. ఇద్దరం ఒకే అగ్గిపెట్టెల ఆఫీసులో పనిచేశాం. మా ఊళ్లో దాన్ని ఫ్యాక్టరీ అనరు, ఆఫీసనే అంటారు. నేను కొత్తగా చేరినప్పుడు పుల్లలు చట్రంలో ఎలా పేర్చాలో నేర్పింది ఆవిడే.

సాయంత్రం ఇంటికొచ్చాక కాళ్లూ చేతులూ కడుక్కుని, అరుగు మీద కూర్చుని చేతులకి నువ్వుల నూనె రాసుకునేది. పుల్లలు పేర్చి పేర్చి వేళ్ల కొసలు పగుల్తాయి కాబట్టి నూనె అందరమూ రాస్తాం. ఆవిడ మాత్రం రాస్తూ ఒక్కో వేలితో మాట్లాడేది. "నువ్వు ఈ పొద్దు మనవరాలికి జడేసినావు. నువ్వు పులుసులో ఉప్పు సరిగ్గా ఏసినావు. నువ్వు సుమ్మానే, ఏ పనీ లేకుండా ఉంటివి, పర్లేదు, రేపు చూస్తాం." వీధిలో ఆడవాళ్లం నవ్వుకునేవాళ్లం. దేవుడికి చెప్పుకోవాల్సింది వేళ్లకి చెప్తావేంటని ఒకసారి మొహం మీదే అడిగాను.

"సామికి శుక్రవారం చెప్తాను. వీటికి ఎవరు చెప్తారు? నాను చెప్పకపోతే, ఇవి నావని నాకే మర్చిపోతాది" అంది.

కొన్నాళ్లకి ఆఫీసులో మంట అంటుకుని నా కుడి చెయ్యి కాలింది. పుండు మానింది గానీ, చేతి వెనక చర్మం ముడతలు పడిపోయింది. వేళ్లు సగమే వంగేవి. రోజూ కదిలించకపోతే అలాగే బిగుసుకుపోతాయని డాక్టరమ్మ చెప్పింది. నేను వినలేదు. ఆ చేతిని చూడాలంటేనే అసహ్యం. కొంగులో చుట్టి పెట్టుకుని, ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తినేదాన్ని. పెళ్లిళ్లకి పోవడం మానేశాను. నలుగురిలో కూర్చుని ఆకులో ఎడమ చెయ్యి ఎలా పెట్టను? నిజం చెప్పాలంటే ఆ చెయ్యి ఒక్కటే కాదు, నాకు నేనే పరాయిదాన్నయిపోయాను.

ఓ సాయంత్రం అత్త నూనె గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చింది. కుడి చేతి ఊసే ఎత్తలేదు.

"పావం మే, ఆ ఎడమ చెయ్యి. రెండు చేతుల పని ఒంటిగా చేస్తా ఉండాది. దానికి ఒక మంచి మాట చెప్పినావా?"

లేదన్నాను.

"అయితే ముందు ఎడమ చేతికి చెప్పు. నూనె రాసి చెప్పు."

ఆవిణ్ణి తొందరగా పంపించేయాలని సరేనన్నాను. ఎడమ చేతికి నూనె రాయాలంటే ఏ చెయ్యి కావాలో నాకు తట్టలేదు. కొంగులోంచి కుడి చెయ్యి బయటికి తీయాల్సి వచ్చింది. వంగని వేళ్లతో ఎడమ మణికట్టు రుద్దుతుంటే నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నువ్వు ఈ పొద్దు బిందె మోసినావు" అని వేలితో చెప్తుంటే సిగ్గేసింది. అత్త తలెత్తకుండా తన చేతులు తాను రుద్దుకుంటూ కూర్చుంది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. తప్పించుకుందామని తలనొప్పి అన్నాను. "అయితే తలకి కూడా ఏదన్నా చెప్పు" అంది.

మూడు వారాలకి కాబోలు, ఎడమ చిటికెన వేలు పట్టుకోబోతే కుడి చేతి వేళ్లు దాని చుట్టూ మూసుకున్నాయి. పూర్తిగా కాదు గానీ మూసుకున్నాయి. ఆవిడ ఎత్తు అప్పుడు అర్థమైంది.

"మోసం చేస్తివత్తా" అన్నాను.

"నాను ఏమి చేసినాను? ఎడమ చేతికే కదా చెప్పమంటిని. మంచి మాట పక్కింటికి కూడా వినిపిస్తాది."

ఆ సాయంత్రం మొదటిసారి కుడి చేతితో మాట్లాడాను. ఏం చెప్పాలో తెలీక, "ఇన్నాళ్లు దాచినాను, కోపం పెట్టుకోవద్దు" అన్నాను. అత్త లేచి కొళాయి దగ్గరికి పోయి చాలాసేపు బిందె కడిగింది. ఏడ్చిందనే నా అనుమానం. అడిగితే ఎన్నడూ ఒప్పుకోలేదు.

ఆవిణ్ణి మరీ దేవతని చేసి చెప్పను. నోరు పెద్దది. నీళ్ల దగ్గర ఎవరన్నా వరస తప్పితే వాళ్ల ఏడు తరాలూ లేచేవి. కాకపోతే ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని నాలుకని కూడా పిలిచి, "ఈ పొద్దు నువ్వు కొంచెం ఎక్కువే చేస్తివి" అని మందలించేది.

నేను విరుదునగర్‌లో పని వెతుక్కుని, గది తీసుకుని ఒక్కదాన్నే ఉండగలుగుతున్నానంటే ఆవిడ దయే. ఒళ్లు అలిసి, నేనెవరో నాకే గుర్తుకు రాని రోజులుంటాయి. అప్పుడు ఒక వేలి దగ్గర మొదలుపెడితే మెల్లగా నా దగ్గరికి నేను వచ్చేస్తాను. అయినా ఒకటి దాచకూడదు. జనంలోకి వెళ్తే మాత్రం ఆ చెయ్యి ఇంకా కొంగు కిందికే పోయేది.

కోవిల్‌పట్టి బస్సెక్కాను. సాత్తూరు దాటాక ఏడుపొచ్చింది. నేను వెళ్లేసరికి ఆవిడకి స్నానం చేయించబోతున్నారు. మా వైపు పోయినవాళ్ల నుదుటికి సీకాయ పెట్టేటప్పుడు చెయ్యి తిప్పి, వెనక వైపుతోనే పెట్టాలి. ఆడవాళ్లంతా వరసగా నిలబడ్డారు. నా వంతు వచ్చింది. కొంగు లాక్కోబోయి ఆగాను. కుడి చెయ్యి తిప్పి సీకాయ గిన్నెలో అద్దాను.

నా వెనక ఒక ముసలమ్మ, వాళ్ల చుట్టం కాబోలు, చూసి "ఇంత కాలిండాదే. నొస్తాదా పాపా?" అంది.

"లేదవ్వా. బాగా పనిచేసే చెయ్యి ఇది" అన్నాను. నలుగురిలో దాన్ని మెచ్చుకోవడం అదే మొదలు.

అత్త నుదుటికి ఆనించి తీశాను. నా చర్మం మీది గీతలూ ముడతలూ ఆ సీకాయలో అచ్చుపడ్డాయి. వెనకనున్న అవ్వ వంగి చెయ్యి చాపేదాకా అవి ఆవిడ నుదుటి మీద అలాగే ఉన్నాయి.