డైరీ దాటిన భాష

రాయదుర్గం మెట్రో స్టేషను పక్కన ఒక టవరులో, వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీలో నేను టెస్టరుని. గేములో తప్పులు వెతకడం నా పని. తలుపు తెరుచుకోకపోయినా, గుర్రం గోడలోంచి నడిచి వెళ్ళిపోయినా రాసి పైకి పంపాలి. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడక్కర్లేని ఉద్యోగం కాబట్టి నాకు సరిపోయింది.

ఈ పనిలో ఒక అలవాటుంది. పాత్రల మాటలు ఇంకా రాయకముందే, అవి కనపడే పెట్టెల్లో ఏదో ఒకటి నింపి చూస్తాం, అక్షరాలు పట్టాయా, పక్కకి పొంగాయా అని. అందరూ కీబోర్డు మీద వేళ్ళు ఎలా పడితే అలా ఆడించేస్తారు. నాకెందుకో అలా కొట్టబుద్ధి కాదు. అందుకని నా డైరీలోని వాక్యాలు ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టేదాన్ని. ఎవరికీ అర్థం కావన్న ధైర్యం. నా డైరీ నేను కల్పించుకున్న భాషలో ఉంటుంది.

ఆ భాష ఇంటర్మీడియట్ హాస్టల్లో పుట్టింది. ప్రతి ఆదివారం వార్డెన్ మేడం మా ట్రంకుపెట్టెలు తెరిపించి చూసేది. ఒకసారి నా డైరీ దొరికింది. లెక్కల సారు బోర్డు దగ్గరికి పిలుస్తాడని రోజూ చివరి బెంచీలో వంగి కూర్చుంటానని రాసుకున్న పేజీని మెస్సులో అందరి ముందూ చదివింది. అందరూ నవ్వారు. ఆ వారమే నేను మాటలు కట్టడం మొదలుపెట్టాను. లిపి తెలుగే, మాటలు మాత్రం ఎక్కడివీ కావు. కిటికీ దగ్గర కూర్చుని వినే వానకి 'లూమె' అని పెట్టుకున్నాను. నిద్ర పట్టేముందు గుర్తొచ్చే ఇంటికి 'అనేషు'. మళ్ళీ తనిఖీలో మేడం ఆ కొత్త డైరీ తీసి రెండు పేజీలు తిప్పింది.

"ఏందిది, స్తోత్రమా?"

"అవును మేడం."

కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చేసింది.

మాటలు పెరిగేకొద్దీ వాటిని మాట్లాడేవాళ్ళు ఉండాలనిపించింది. అలా ఒక దేశం వచ్చింది. నది మధ్యలో లంకలు, పడవల మీద బడికి వెళ్ళే పిల్లలు. ఒకరింటికి వెళ్తే నోరు విప్పేముందు కాసేపు ఊరికే కూర్చోవడం అక్కడి మర్యాద. ఆ దేశంలో నేను హాయిగా బతకగలను. ఉద్యోగంలో చేరాక కూడా రోజుకో పేజీ ఆ భాషలోనే రాస్తూ వచ్చాను. నిండిన పుస్తకాలు నేనిప్పుడు ఉంటున్న కొండాపూర్ హాస్టల్లో నా మంచం కింద పెట్టెలో ఉండేవి.

మా కొత్త గేములో ఒక రాణి ఉంది. శత్రురాజు దూతలు సభకు వచ్చినప్పుడు ఆమె లేచి మాట్లాడాలి. ఆ పెట్టెలోనూ నా డైరీ వాక్యం ఒకటి పెట్టి చూశాను. మామూలుగా క్లయింటుకి చూపించే ముందు ఇవన్నీ తీసేస్తాను. ఆసారి మర్చిపోయాను.

క్లయింటుతో మీటింగు అయ్యాక మా టీము లీడ్ అక్క నా సీటు దగ్గరికి వచ్చింది. ఆవిడది కర్నూలు వైపు.

"పాపా, రాణి మాటలు ఎవురు పెట్టినారు?"

"నేనే అక్కా. తీసేయడం మర్చిపోయాను. సారీ."

"తీసేసేదేంది! వాళ్ళకు తెగ నచ్చేసింది. నిజంగా ఒక దేశం భాష మాదిరే ఉండాదంటున్నారు. గేమంతా ఆ దేశపోళ్ళు ఇట్లే మాట్లాడాలంట. యాడ పట్టినావు దీన్ని?"

అబద్ధం చెప్పడానికి కూడా మాటలు కావాలి కదా. నాకు తట్టలేదు. "నా డైరీ అక్కా" అన్నాను.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. నెమ్మదిగా అంతా చెప్పించుకుంది. "అయితే రాణి ఏమంటాంది ఇక్కడ?"

"ఇవాళ సాంబారులో ఉప్పెక్కువైంది, అయినా రెండోసారి వేయించుకున్నాను, అంటోంది."

"శత్రురాజు దూతల ముందర నిలబడి సాంబారు గురించా!" నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "నా గురించి గూడా రాసినావా?"

"రాశాను."

"ఏమని?"

"మీరు నవ్వితే లిఫ్టు దాకా వినపడుతుందని."

లిఫ్టు దాకా వినపడింది. తరవాత ఆవిడ గొంతు తగ్గించింది. "చూడు, ఉన్నదున్నట్టు చెప్తా. నీ భాష గేముకు ఇస్తే మాటలన్నీ అర్థాలతో సహా రాసియ్యాల. టీములో అందురికీ పోతాయి. అది కంపెనీదైపోతాది, మళ్ళా నాదంటే కుదరదు. ఇష్టం లేకుంటే ఊరికే చేతికొచ్చింది కొట్టినానని చెప్పు, ఇంకొకరితో వేరేది చేయించుకుంటా. శుక్రవారం లోపల చెప్పు."

ఆ మాటల పట్టీ ఒకరి చేతిలో పడితే, మంచం కింద పెట్టెలోని ప్రతి పేజీకీ తాళం తీసినట్టే. ఇవ్వకపోతే ఆ భాష ఎప్పటికీ నా ఒక్కదాని కాగితం మీదే ఉంటుంది. రెండూ నిజమే. దారంతా అదే ఆలోచన.

నా గదిలో ఉండే అమ్మాయిది సంగారెడ్డి దగ్గర పల్లె. జీడిమెట్లలో మందుల కంపెనీ ల్యాబులో పని, కంపెనీ బస్సు మా సందు చివర ఆగుతుంది. రెండేళ్ళుగా పక్క మంచం మీద ఉన్నా తనకి ఈ సంగతి చెప్పలేదు. ఆ సాయంత్రం తను బజ్జీలు తెచ్చింది. తింటూ చెప్పేశాను.

"ఇన్ని దినాల సంది నువ్వు కథలు రాస్తున్నవ్ అనుకున్న గదనే! నన్ను తిట్టినవా గిండ్ల?"

"నీ గురక గురించి రాశాను."

"ఓయ్! గా ముచ్చట మాత్రం ఇయ్యకు!" బజ్జీతో నన్ను బెదిరించి, నవ్వి, "ఒక మాట నేర్పియ్యి జర" అంది.

బయట జల్లు మొదలైంది. లూమె అంటే ఏమిటో చెప్పాను. తను రెండుసార్లు పలికి చూసుకుంది. అంతలోనే లేచింది.

"అరే, లూమె వచ్చిందే! బట్టలు తడుస్తున్నయ్, ఉరుకు!"

"అది కిటికీ దగ్గర కూర్చుని వినే వాన. బట్టలు తడిపేదాన్ని అలా అనరు."

"నీ దేశంల బట్టలు ఆరేసుకోరా ఏంది? లెవ్వు!"

మేడ మీద ఇద్దరం బట్టలు లాగుతుంటే తను ఆ మాటని ఇంకో నాలుగుసార్లు వాడింది, అన్నీ తప్పుగానే. తప్పు అని చెప్పాలనిపించలేదు. నా మాట ఒకటి తడిసి, పరుగెత్తి, ఇంకొకరి నోట్లో బతుకుతోంది. ఇన్నేళ్ళలో నేను దాన్ని ఒక్కసారైనా గదిలోంచి బయటికి తీసుకెళ్ళలేదు.

శుక్రవారం లీడ్ అక్కతో, భాష ఇస్తానని చెప్పాను. పాత డైరీల గురించి భయం పోలేదు. కానీ ఆ మాటలన్నీ నేర్చుకుని, మా హాస్టలు దాకా వచ్చి, మంచం కింద పెట్టె తీసి చదివేంత ఓపిక ఉన్న మనిషి ఎవరైనా ఉంటే, చదువుకోనీ అనిపించింది. ఒక్కటే అడిగాను. సాంబారు మాటకి తెర మీద కింద తెలుగులో యుద్ధం గురించి గొప్ప అర్థం వేద్దామన్నారు టీములో. ఆ భాషలో నేనెప్పుడూ అబద్ధం రాయలేదు, అలా వెయ్యొద్దన్నాను. లీడ్ అక్క "సరే, రాణికి వేరే మాట రాసియ్యి. ఆ సాంబారు మాట వంటశాల కాపలావానికిద్దాం" అంది.

రికార్డింగుకి రాణికి గొంతు ఇచ్చే ఆవిడ వచ్చారు. సీరియళ్ళకు డబ్బింగు చెప్తారట, కాకినాడ వైపు వారు. పలకడం నేర్పడానికి నన్ను అద్దాల గదిలో ఆవిడ పక్కన నిలబెట్టారు. మొదటి వాక్యాలు బాగానే సాగాయి. తరవాత ఆవిడ కాగితం మీద వేలు పెట్టి ఆగారు.

"ఇక్కడ రాణిగారు సేనాపతి మీద కేకలేస్తుందండి. కోపం వస్తే మీ వాళ్ళు ఈ మాట ఎలా అంటారండి?"

మీ వాళ్ళు అన్నారు. డైరీలో ఎవరూ అరవరు. ఆ దేశంలో అంతవరకు ఎవరూ కేక వెయ్యలేదు.

"నాకు తెలీదండి" అన్నాను.

"అయితే మీరే ఒకసారి అనండి, నేను పట్టుకుంటాను."

అన్నాను. మైకుకే సరిగా వినపడలేదు.

"ఇంకా గట్టిగా అండి. నిండు సభ, చివర నిలబడ్డవాడికి వినపడాలి."

అద్దానికి అటువైపు నలుగురు చూస్తున్నారు. వాళ్ళని చూడకుండా కాగితం చూశాను. ఊపిరి పీల్చి ఆ వాక్యం అరిచాను. రికార్డింగు చేసే ఆయన గబుక్కున చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసేశారు. నా గొంతులో అంత పెద్ద ధ్వని ఉందని నాకే తెలియదు.

"అబ్బో!" అన్నారావిడ. వెంటనే అదే వాక్యాన్ని, అదే కోపంతో, మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకున్నానో అక్కడే తీసుకుంటూ, తిరిగి నాతో అన్నారు. ఆ భాషలో ఇంకొకరు నాతో మాట్లాడటం అదే మొదటిసారి. నాకు ప్రతి మాటా అర్థమైంది.